గాలికి లేవని కప్పు

ఆ ఏడాది ఎనిమిదో తుఫానుకి మా సందులో లేవని కప్పు ఒక్క మాదే. ఈ మాట ఇప్పటికీ ఎవరో ఒకరు మా ఆయన ముందు అంటుంటారు. పాపం, మెచ్చుకోలుగానే అంటారు. ఆయన తలెత్తకుండా చేతిలో ఉన్న మోటారుసైకిలు చక్రం ఇంకోసారి విప్పి బిగిస్తాడు. నాకు మాత్రం ఆ మాట అన్నవాళ్ళ నోరు కుట్టెయ్యాలనిపిస్తుంది.

మాది నది మలుపులో ఊరు. ఏడో నెల పున్నమికి పెద్దలకు పెట్టుకున్నామంటే అక్కణ్ణుంచి గాలి రోజులు, ఆ వెనకే నీళ్ళ రోజులు. పదో నెల చివరిదాకా ముందు నుయ్యి వెనక గొయ్యి బతుకు. నిజం చెప్పాలంటే నీళ్ళంటే మాకు భయం తక్కువ. ఏటా వచ్చే చుట్టమే కదా. మెట్లదాకా వస్తే వాకిట్లోనే బట్టలు జాడించుకుంటాం, మంచందాకా వస్తే సామాను అటక మీదికి చేరుస్తాం, ఇంకా వస్తే మేమే అటకెక్కి కూర్చుంటాం. అటకని కూడా ముంచేలా ఉంటే కప్పులోంచి బయటపడతాం. అందుకే ప్రతి ఇంటి కప్పులోనూ కొన్ని పెంకులు సున్నం పెట్టకుండా వదులుగా పేర్చి ఉంటాయి. లోపల్నించి అరచేత్తో తోస్తే లేస్తాయి, మనిషి దూరేంత సందు అవుతుంది. దాన్ని కంత అంటాం. పున్నమి మర్నాడు ఇంటి పెద్ద అటకెక్కి, ఆ పెంకుల్ని ఒకసారి లేపి చూసి, మళ్ళీ సర్ది దిగాలి. మా ఇంట్లో ఆ పని అత్తమ్మది.

అత్తమ్మ పేరు థేమ్. బియ్యప్పిండిని ఆవిరి మీద పలచగా పరిచి, వెదురు తడికల మీద ఎండబెట్టి అప్పడాలు చేసేది. ఊళ్ళో అందరికీ అప్పడాల అవ్వ. వానకాలం వచ్చేసరికి రెండు పెద్ద డబ్బాలు నింపి అటక మీద పెట్టేది, పొయ్యి లేనప్పుడు నీళ్ళలో తడిపి తినడానికి. ఆమె నోరు మంచిదని పగవాళ్ళే కాదు, అయినవాళ్ళూ అనలేరు. మనసు మంచిది కాదని కూడా ఎవరూ అనలేరు. కోడలిగా వచ్చిన కొత్తలో నేను ఆ నోటికి వంటింట్లో కూర్చుని ఏడ్చేదాన్ని. తర్వాత తర్వాత మాటకు మాట అంటించడం నేర్చుకున్నాను, అప్పట్నించీ ఇద్దరం బాగానే ఉన్నాం.

అంతకు ముందేడు తుఫానుకి మా పెంకుటి కప్పు సగం లేచిపోయింది. లేచిన పెంకుల్లో ఒకటి వచ్చి మా అమ్మాయి దియెప్ మోచేతి మీద పడింది. ఎముక అతుక్కుంది కానీ చెయ్యి తిన్నగా చాచలేదు. బళ్ళో జెండా వందనానికి నిలబడితే ఆ చెయ్యి ఒక్కటీ వంకరగా కనిపిస్తుంది. మా ఆయన ఖోయ్ ఆ ఏడంతా కూతురి చేతి వంక చూడకుండా అన్నం తినలేదు. మళ్ళీ గాలి రోజులు రాకముందే పెంకులన్నీ దింపించి రేకులు తెచ్చాడు. మనిషి మెకానిక్కు కదా, మేకులు వద్దని బోల్టులు వేశాడు. బోల్టుల మీద ఇనుప పట్టీలు, పట్టీల మీద తీగలు, తీగల మీద ఇసుక బస్తాలు. కింద వాకిట్లో అప్పడాలు తిరగేస్తూ అత్తమ్మ చూస్తోంది.

"ఒరేయ్ ఖోయ్, కంతేదిరా?"

"రేకులకి కంతేంటమ్మా."

"కప్పు వేస్తున్నావా, డబ్బాకి మూత వేస్తున్నావా?"

"మూతే అనుకో. గాలొచ్చి ఊదినా ఎగరదు."

"గాలి ఊదేసి దాని దారిన అది పోతుంది. నీళ్ళలా కాదు. నీళ్ళు పెళ్ళివారిలా వచ్చి కూచుంటాయి, ఓ పట్టాన లేవవు."

నేను నవ్వేశాను. "నవ్వుతావేమే సుయెన్, నీ మొగుడికి నువ్వు చెప్పు," అంది. "మీ కడుపున పుట్టినవాడు మీ మాటే వినడం లేదు, పరాయిదాన్ని, నా మాట వింటాడా అత్తమ్మా," అన్నాను.

ఖోయ్ నిచ్చెన దిగి వచ్చాడు. తడిక పక్కన ఆడుకుంటున్న దియెప్‌ని దగ్గరికి లాక్కుని, దాని చెయ్యి పట్టుకుని వాళ్ళమ్మకు చూపించాడు.

"ఇది చూడమ్మా. ఒక్క రేకు వదులుగా ఉంచానా, గాలి అక్కడే వేలు పెడుతుంది. అక్కణ్ణుంచి చాప చుట్టినట్టు మొత్తం చుట్టుకుపోతుంది. అప్పుడు దీని రెండో చెయ్యి ఎవరిస్తారు?"

అత్తమ్మ మనవరాలి చెయ్యి వంక చూసి కాసేపు మాట్లాడలేదు. ఆమెను మాట్లాడకుండా చేసిన మాట నేను విన్నది అదొక్కటే.

"సరేలే," అంది చివరికి. "గాలి రోజులు పోగానే పెట్టు."

"పెడతా."

"పెడతా అంటే కాదు. నీళ్ళు నీ తీరిక కనుక్కుని రావు."

"పెడతానన్నానుగా అమ్మా."

పున్నమి మర్నాడు ఆమె అలవాటు ప్రకారం అటకెక్కింది. అరచేత్తో రేకుని తోసి చూసి, దిగొచ్చి, పిండి రుబ్బుకుంది.

ఎనిమిదో తుఫాను తొమ్మిదో నెల చివర్లో వచ్చింది. స్తంభానికి కట్టిన మైకు పొద్దుట్నుంచి అరుస్తూనే ఉంది. కిటికీలకు అడ్డంగా చెక్కలు కొట్టుకుని, నలుగురం పెద్ద మంచం కింద దూరాం. కప్పు మూలిగింది, తీగలు పాడాయి, ఒక్క బోల్టు ఊడలేదు. సందులో కప్పులు ఒక్కొక్కటీ లేచిపోతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అలా లేచినప్పుడల్లా ఖోయ్ మా రేకుల వంక చెవి పెట్టి, దియెప్‌ని ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాడు.

తెల్లారేసరికి సందు సందంతా మా ఇంట్లోనే ఉంది. ఎదురింటి కాన్ బాబాయి కప్పు పోయి నదిలో పడిందట. తడిసిన గోనెపట్టా కప్పుకుని మా మంచం మీద కూర్చున్నాడు.

"ఖోయ్, వచ్చే ఏడు మా కప్పు నువ్వే కట్టాలిరా. పోయే ప్రాణాన్ని కూడా కట్టేసి ఉంచేలా ఉన్నావు."

"మా వాడు కట్టాడు మరి," అంది అత్తమ్మ అందరికీ అప్పడాలు, రొయ్యల ఊరగాయ పెడుతూ. ఆ గొప్ప ఆమె మొహంలో దాగలేదు. కొడుక్కి కూడా ఒకటి తుంచి ఇచ్చి, "గాలి పోయిందిగా, ఇంక కంత పెట్టు," అంది మెల్లిగా.

"రేపు పెడతానమ్మా. కాన్ బాబాయికి పట్టా అయినా కట్టాలి కదా ముందు."

ఆ రోజూ, ఆ మర్నాడూ ఆయన ఊళ్ళో అందరి కప్పుల మీదా ఉన్నాడు, మా కప్పు మీద తప్ప. వాన మాత్రం ఆగలేదు. గాలి పోయిందని అందరం అనుకున్నాం కానీ, వాన పోలేదని ఒక్కరూ అనుకోలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున లేచి కాలు కింద పెడితే నీళ్ళు. కొండల మీద కురిసినదంతా ఒక్కసారిగా దిగి వచ్చింది. కరెంటు లేదు, మైకు లేదు. సందులో అందరూ సామాను ఎత్తుకుంటున్నారు. మేం పెద్దలకి అగరొత్తులు వెలిగించే పీట, బియ్యం, పరుపులు, అప్పడాల డబ్బాలు, ఆఖరికి టీవీ కూడా అటక మీదికి చేర్చాం. ఖోయ్ చూరుకి కట్టిన పడవ దింపాడు.

"కాన్ బాబాయి తల్లి మంచంలోంచి లేవలేదు. ఆ చివరింట్లో బాలింత ఉంది. వాళ్ళ నెత్తి మీద పట్టాలే గానీ కప్పుల్లేవు. వాళ్ళందర్నీ బడి మేడ మీదికి చేర్చి వస్తా. మన ఇల్లు గట్టిది, మిమ్మల్ని ఆఖర్న తీసుకెళ్తా."

"వెళ్ళిరా," అన్నాను. నేనూ అదే అనుకున్నాను మరి. తుఫానుకే లేవని ఇల్లు నీళ్ళకేమవుతుంది.

మధ్యాహ్నందాకా అటక మీద బాగానే గడిచింది. అప్పడాలు తడుపుకుని, మిరపకాయ కొరుక్కుని తిన్నాం. కింద తేలుతున్న చెప్పుల్ని దియెప్ పడవలని లెక్కపెడుతోంది. అత్తమ్మ మాత్రం నిచ్చెన మెట్లనే చూస్తోంది. మా చిన్నప్పటి పెద్ద వరద గోడ మీద వదిలిన మరక ఒకటి ఉంది, అటక దూలాలకి మూరెడు కింద. నీళ్ళు ఆ మరకని దాటేశాయి.

"ఇవి మామూలు నీళ్ళు కావే పిల్లా," అంది.

ఆమె తలెత్తి రేకుల వంక చూసింది. కంత మాట ఎత్తుతుందని చూశాను. ఎత్తలేదు. దెప్పడానికి అంత మంచి అదను దొరికి కూడా ఆమె దెప్పలేదు చూడండి, అప్పుడేసింది నాకు భయం.

నీళ్ళు అటక చెక్కల సందుల్లోంచి పైకి వచ్చాయి. ఖోయ్ రెంచీలు, సుత్తులు, రంపం అన్నీ కింద షెడ్డులో నీళ్ళపాలు. మా దగ్గర పండు కోసే చాకు ఒక్కటే ఉంది. దాన్ని రేకు అంచులో పెట్టి లేపబోతే వంగిపోయింది. నేను బియ్యం డబ్బా ఎక్కి వీపు ఆనించి తోశాను. పైన బోల్టులు, బోల్టుల మీద పట్టీలు, పట్టీల మీద తడిసిన ఇసుక. కదిలితే ఒట్టు.

అత్తమ్మ పెద్దల పీట మీది అగరొత్తుల గిన్నె తీసింది. ఇత్తడిది, బరువైనది. తాతముత్తాతల నాటి నుంచి వెలిగించిన ఒత్తుల బూడిద అందులో ఉంది. కొత్త సంవత్సరం టెట్ పండక్కి దుమ్ము దులిపేటప్పుడు కూడా ఆ గిన్నెను కదపం. ఆమె ఆ బూడిదంతా నీళ్ళలోకి వంచేసి, గిన్నెతో రేకు మీద కొట్టడం మొదలుపెట్టింది.

"అత్తమ్మా, పెద్దలు..."

"పెద్దలకి బుద్ధుంటే ఏమనుకోరు. బుద్ధి లేకపోతే అనుకోనీ."

కొట్టి కొట్టి ఆమె చేతులు పడిపోతే నేను కొట్టాను. దియెప్‌ని బియ్యం డబ్బా మీద నిలబెట్టి, చెరోవైపు పట్టుకుని నీళ్ళలో నిలబడ్డాం. నీళ్ళు నడుం దాటాయి. ఆ చలి చెప్పనలవి కాదు. మీరు కూడా ఎక్కి కూర్చోండి అత్తమ్మా అంటే, "ఆ డబ్బా నాకూ దానికీ ఇద్దరికీ సరిపోదు, వాదించకు," అంది. ఎప్పుడూ నన్ను గెలవనివ్వలేదు ఆమె.

సాయంత్రం కావస్తుండగా పైన పడవ రాసుకున్న చప్పుడైంది.

"అమ్మా! సుయెన్!"

"ఉన్నాం," అని అరిచాను.

ఆయన తీగలు తెంపడం వినిపించింది. బస్తాలు కోసి ఇసుక వదిలేయడం వినిపించింది. తర్వాత బోల్టులు. రెంచీ లేదు, పడవలో ఉన్న కత్తితో రేకునే నరకడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క దెబ్బకీ తనని తానే తిట్టుకుంటున్నాడు. ఎంతసేపు నరికాడో నాకు తెలియదు. నీళ్ళు నా గుండెలదాకా, అత్తమ్మ మెడదాకా వచ్చాయి. రేకు చీలి, ఇంత వెలుతురు పడింది.

దియెప్‌ని ముందు అందించాం. "అమ్మా, రా," అని చెయ్యి చాచాడు.

"ముందు నీ పెళ్ళాన్ని లాగు. బరువైంది, మునిగితే తేలదు," అంది అత్తమ్మ. పళ్ళు టకటక కొట్టుకుంటున్నా ఆ మాట అనకుండా ఉండలేకపోయింది.

నన్ను లాగాడు. తర్వాత ఆమెను ఇద్దరం కలిసి లాగాం. ఆమె చేతులు పట్టు ఇవ్వలేదు. తడి బట్టల మూటలా వచ్చింది. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. పడవ వెనకవైపు నా ఒళ్ళో పడుకోబెట్టుకుని, వానకోటు కప్పాను. ఖోయ్ ముందు నిలబడి వెదురు గెడ పట్టాడు. దియెప్ మా మధ్యలో.

సందులో దారంటూ లేదు. కరెంటు తీగలు మొహాల ఎత్తులో వేలాడుతున్నాయి. కొట్టుకొస్తున్న వెదురు పొదలు, రేకులు. వాటన్నిటినీ గెడతో నెట్టుకుంటూ పోవాలి. ఒక్కసారి గెడ జారిందంటే నలుగురం నదిలోకే.

"అమ్మ ఎలా ఉంది?" అన్నాడు వెనక్కి తిరక్కుండా.

"చలంటోంది," అన్నాను. నిజంగానే అంది. ఆ తర్వాత ఇంకేదో అనబోయింది, నాకు అందలేదు.

బజారు దగ్గరికి వచ్చేసరికి ఆమె తల నా చేతి మీద బరువెక్కింది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి. వాన చినుకులు ఆ కళ్ళలో పడుతున్నాయి, రెప్ప వాలడం లేదు. నాకు అర్థమైంది. అరచేత్తో మొహం తుడిచినట్టు తుడిచి రెప్పలు మూశాను. ముందు ఆయన ఒక చెట్టుకొమ్మను గెడతో తోస్తున్నాడు, పడవ పక్కకి ఒరుగుతోంది, పిల్ల నన్నే చూస్తోంది.

"అమ్మేమంటోంది?"

"జాగ్రత్తగా చూసి నడపమంటోంది."

"ఊఁ."

బజారు దాటాక గోడల చాటున వడి కాస్త తగ్గింది. ఆయన గెడ నీళ్ళలో ఆనించి ఒక్క క్షణం ఆగాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది నాకు.

"అమ్మా, కంత పెట్టలేదని కోపంగా ఉందా?"

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఏమంటోంది సుయెన్?"

నేను వంగి, ఆమె నోటి దగ్గర చెవి పెట్టి విన్నట్టు చేశాను. దియెప్ చూస్తోంది కదా.

"కోపం లేదంటోంది," అన్నాను. "చెయ్యి విరిగిన పిల్ల తండ్రివి, నువ్వు మాత్రం ఏం చేస్తావంటోంది."

ఆయన గెడ వేశాడు.

బడి మెట్ల దగ్గర పిల్లను ఎవరో అందుకున్నారు. అత్తమ్మను ఆయనే ఎత్తుకున్నాడు, ఎవర్నీ ముట్టనివ్వలేదు. మేడ మీద చాప పరిచి దించాక, ఊరి ఆస్పత్రి నర్సమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని చూసి నా వంక తిరిగింది. "ఇప్పుడే," అన్నాను గట్టిగా, ఆయనకు వినబడేలా. "మెట్లెక్కుతుంటే పోయింది." నర్సమ్మ నన్ను ఒక నిమిషం చూసి, అవునన్నట్టు తలూపింది.

నీళ్ళు తీసేటప్పుడే బురద తోసెయ్యాలి, ఆలస్యమైతే రాయి అవుతుంది. అందుకని అత్తమ్మను మట్టిలో పెట్టి వచ్చిన రోజే చీపుళ్ళు పట్టాం. ఆయన మీద నాకు కోపం లేదని చెప్తే అబద్ధం. బురద ఎత్తుతుంటే వచ్చింది. అటక మీద సొట్టలు పడ్డ ఇత్తడి గిన్నె దొరికినప్పుడు వచ్చింది. రేకులో ఆయన నరికిన చీలికలోంచి వాన పడుతుంటే, దాని కింద బేసిను పెట్టి ఖాళీ చేసిన ప్రతిసారీ వచ్చింది. ఆయన ఆ చీలికను మూయలేదు. నేనూ మూయమనలేదు. ఒకే ఇంట్లో ఇద్దరం అవసరానికి తప్ప మాట్లాడుకోకుండా టెట్ పండగ కూడా దాటించేశాం. నిద్రలో రేకు మీద కొడుతున్నట్టు దియెప్ మంచం పట్టెని కొట్టేది. ఇద్దరం లేచేవాళ్ళం, దాన్ని చెరోవైపు నిమిరేవాళ్ళం, మళ్ళీ ఎటువాళ్ళం అటు తిరిగి పడుకునేవాళ్ళం.

అత్తమ్మకి నూరో రోజు పెట్టాం. ఆ రోజుతో ఏడుపు ఆపాలంటారు మా పెద్దలు. సందులో అందరూ వచ్చారు. కాన్ బాబాయి రెండు గుక్కలు సారా పడ్డాక ఖోయ్ భుజం తట్టాడు.

"రేకులు తెచ్చుకున్నానురా. నీ కప్పులాగే కట్టాలి నాకు."

అందరూ తినడం ఆపారు. నేను వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేశాను.

"కడతా బాబాయ్," అన్నాడు ఖోయ్. "కంత పెట్టి కడతా. ముందు కంత, తర్వాతే బోల్టులు."

"కంతలోంచి గాలి పట్టదూ?"

"లోపల్నించి గడియ పెడతా. గాలొస్తే వేసుకో, నీళ్ళొస్తే తియ్యి. అంతే పని. ఒక పూట పని బాబాయ్ అది." అని ఆయన చేతిలో గిన్నె కింద పెట్టాడు. "ఒక్క పూట పని. మా అమ్మకి చేసి పెట్టలేదు."

కాన్ బాబాయి గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు.

అందరూ వెళ్ళాక పెరట్లో కుండీ దగ్గర నేను గిన్నెలు తోముతుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎన్నాళ్ళకో అలా కూర్చోవడం. నేను తోమినవి ఒక్కొక్కటీ కడిగి బోర్లిస్తున్నాడు.

"అప్పటికే పోయింది కదూ," అన్నాడు.

"ఎప్పటికి?"

"పడవలో నేను అడిగేటప్పటికి."

"లేదు. మెట్లెక్కుతుంటే పోయింది. చెప్పాగా."

ఆయన ఒక గిన్నె బోర్లించాడు.

"బతికుంటే నన్ను తిట్టడానికి మా అమ్మకి నీ నోరు కావాలా సుయెన్? ఆమె నోటికి ఎప్పుడైనా అంత కరువొచ్చిందా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అబద్ధం ఇంక నిలవదని తెలిసింది.

"తెలిసే అడిగావా?"

"తెలిసే అడిగాను."

"ఎందుకయ్యా మరి?"

"నువ్వేమంటావో అని."

కుండీలో నీళ్ళు నిండి పారుతున్నాయి. కుళాయి కట్టెయ్యాలని ఇద్దరికీ తోచలేదు.

"కోపం లేదని అప్పుడన్నది నిజమే," అన్నాను.

"తర్వాత?"

"తర్వాత కోపమొచ్చింది. చాలా వచ్చింది."

"తెలుసు," అన్నాడు. నా మొహం వంక చూడకుండా, "ఇప్పుడో?" అన్నాడు.

"ఇప్పుడు ఆ గిన్నె ఇటివ్వు," అన్నాను. "జిడ్డు పోలేదు, మళ్ళీ తోముతా."